మాటల డాక్టరుగారి ఇంటి పేషెంటు

రెండోసారి కూడా దేవకృపమ్మ చేతిలోని రబ్బరు బుడ్డి నొక్కేసింది. స్కాన్ యంత్రంలో పడుకున్న మనిషికి భయం వేస్తే అది నొక్కాలి, నొక్కగానే బల్లను బయటికి లాగేస్తారు. స్కాన్ తీసే అమ్మాయి వసుధ గబగబా వచ్చి, ఆమె ముఖం మీది ప్లాస్టిక్ చట్రం తీసి, వీపు కింద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. డెబ్బై దాటిన మనిషి. ఒంటి మీది ఆస్పత్రి గౌను చెమటకు వీపుకి అతుక్కుపోయింది. నీ టైమంతా పాడుచేశానమ్మా అని తనే ఆ పిల్లకు సర్దిచెప్పింది.

తలుపు బయట బెంచీ మీద ఆమె భర్త డాక్టర్ జీవరాజుగారు కూర్చుని ఉన్నారు. భార్య గాజులు, కమ్మలు, గొలుసు చేతిరుమాల్లో మూటగట్టి ఒళ్లో పెట్టుకున్నారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న మనిషి కాబట్టి పెద్ద అయస్కాంతంతో పనిచేసే ఆ స్కాన్ గదిలోకి ఆయన్ని రానివ్వరు. విడ్డూరం ఏమిటంటే, మనుషుల భయాన్ని మాటలతో దించడమే జీవరాజుగారు జీవితమంతా చేసిన పని. సూది చూస్తే కళ్లు తిరిగే వాళ్లని, పన్ను పీకించుకోవాలంటే పారిపోయే వాళ్లని సీతాఫల్‌మండి నుంచి, పద్మారావు నగర్ నుంచి ఆయన దగ్గరికే తీసుకొచ్చేవారు. హిప్నాటిజం డాక్టరు అనడానికి నోరు తిరగని వాళ్లు మాటల డాక్టరు అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది. అలాంటాయన, తన భార్య అరగంట కదలకుండా పడుకోలేక బయటికి వస్తే, నగల మూట పట్టుకుని నేలచూపులు చూస్తున్నారు.

వసుధ ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పింది. కొన్ని నెలలుగా దేవకృపమ్మ కుడిచెయ్యి పట్టు తప్పుతోంది. మొదట చిటికెనవేలు తిమ్మిరెక్కింది, తరవాత దాని పక్కవేలు. ఇప్పుడు టీ గ్లాసు జారిపోతోంది, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది. మెడ దగ్గర నరం నలుగుతోందని సర్జన్ అనుమానం. ఎక్కడ నలుగుతోందో బొమ్మలో చూడనిదే కత్తి పట్టనన్నాడు. ఆలస్యమయ్యే కొద్దీ పోయిన పట్టు తిరిగి రాదనీ అన్నాడు. మత్తిచ్చి స్కాన్ తీద్దామంటే, కరోనా తరవాత ఆమె ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఆపరేషన్‌కి ఎలాగూ మత్తు తప్పదు, ఆ ఒక్కసారికి అన్ని ఏర్పాట్లతో తెగిస్తాం గాని బొమ్మ కోసం ఇంకోసారి తెగించలేమని మత్తు డాక్టరు చెప్పేశాడు. పక్కలు తెరిచి ఉండే యంత్రాలున్నాయి గాని, వాటిలో తీసిన బొమ్మ ఈ సర్జన్‌కి చాలదట.

"గురువారం ఇంకోసారి టైమ్ ఇస్తాను ఆంటీ. అప్పుడు కూడా కాకపోతే నా చేతుల్లో లేదు" అంది వసుధ.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ మొగుడూ పెళ్లాం ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే. దాన్ని ముందు ఎవరు బయటపెడతారన్నదే తెలియలేదు.

పెళ్లయిన రోజే ఆమె ఆయన దగ్గర ఒక మాట తీసుకుంది. ఆయన విద్య ఆమె మీద ఎప్పుడూ ప్రయోగించకూడదని. అల్లుడి కళ్లలోకి ఎక్కువసేపు చూడకే అని తల్లి భయపెట్టి పంపింది, కానీ దేవకృపమ్మ భయం అది కాదు. తనకు తెలియకుండా తన నోటివెంట ఏం వస్తుందోనని. ఆయన నవ్వకుండా ఒప్పుకున్నారు, ఒప్పుకున్న మాట మీద నిలబడ్డారు. సందులో ఆడవాళ్లు ఆయన మాటలు వింటూ పురుళ్లు పోసుకుంటే, కూతురు ప్రిసిల్లా పుట్టినప్పుడు దేవకృపమ్మ తువ్వాలు కొరుక్కుని నొప్పులు పడింది. ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగారు.

జీవరాజుగారిది కృష్ణా జిల్లా. డాక్టరు చదువు కాగానే అక్కడే ఒక మిషన్ ఆస్పత్రిలో చేరారు. అక్కడి పెద్ద సర్జన్, నొప్పి మందు చాలని రోజుల్లో, కాలిన రోగి తల దగ్గర కూర్చుని మెల్లగా ఏదో మాట్లాడుతుంటే, నర్సులు కట్టు ఊడదీస్తున్నా ఆ రోగి కదిలేవాడు కాదట. అది చూశాక కుర్ర డాక్టరుకి ఇంక వేరే ధ్యాస లేకుండా పోయింది. బొంబాయి వెళ్లి నేర్చుకుని వచ్చారు. సీతాఫల్‌మండి సందులో అద్దె ఇంటి ముందుగదికి హిప్నాటిజం వైద్యం అని బోర్డు కట్టేనాటికి ఈ చుట్టుపక్కల ఆ పని చేసే డాక్టరు ఇంకొకరు లేరు.

జనానికి అది గారడీ. పోయిన గొలుసు ఎవరు తీశారో పనిమనిషి నోట చెప్పించమని ఒకావిడ వచ్చింది. కొడుకు మనసులోంచి ఫలానా పిల్లను తీసెయ్యమని ఒక తండ్రి వచ్చాడు. ఇద్దరికీ టీ ఇచ్చి పంపేశారు. ఆయన పట్టుకున్నవల్లా నొప్పులు, నత్తి, ఉబ్బసం, పరీక్షలంటే భయం, పురుళ్లు. మాత్రతో తగ్గేదాన్ని మాత్రతోనే తగ్గించేవారు.

చర్చివాళ్లతో మాత్రం పేచీ వచ్చింది. మొదట్లో ఆయన తమ సంఘం వాళ్లకు ప్రార్థన మాటలే మెల్లగా చెప్పి మనసు కుదుటపరిచేవారు. వాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చిన మాటలు గనుక తొందరగా పనిచేసేవి. దేవుడి మాటలతో మనుషుల్ని నిద్రపుచ్చడమేమిటని సంఘపెద్ద హేమచంద్రగారు కమిటీలో పెట్టారు. వివరం అడగడానికి ఇంటికే వచ్చారు. లోపలి గదిలోంచి దేవకృపమ్మ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నయ్యగారూ, ఆదివారం ప్రసంగానికి సగం సంఘం నిద్రపోతుంది కదా, దాని మీద కూడా కమిటీ వేశారా?" అని అడిగింది. ఆయన కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు. అప్పటిదాకా కమిటీలో ఉన్న జీవరాజుగారిని అందులోంచి తీసేశారు. ఆ తరవాత కూడా భార్యాభర్తలిద్దరూ ప్రతి ఆదివారం ముందు బెంచీలోనే కూర్చున్నారు.

ఆ పేచీ వల్ల ఒక మేలు జరిగింది. ప్రార్థన మాటలు మానెయ్యాల్సి వచ్చింది గనుక, ఆయన ప్రతి రోగినీ ముందు ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. ఏం పని చేస్తారు మీరు? ఆ పనిలో చేతులు ఎలా ఆడతాయో, ఏ చప్పుళ్లు వినిపిస్తాయో, ఏ వాసన వస్తుందో అన్నీ రాబట్టేవారు. ఆ తరవాత ఆ మనిషిని ఆ పనిలోకే తీసుకెళ్లేవారు. ఇంజను డ్రైవరును రాత్రి బండి మీదికి, దర్జీని కుట్టుమిషను ముందుకి. బాగా చేతయిన పనిలో ఉన్న మనిషికి భయం దగ్గరికి రాదని ఆయన నమ్మకం.

ఎదురింటి మాబూబీకి అది అనుభవమే. ఆమె ఇంట్లో సేమ్యాలు చేసి అమ్ముతుంది. పండగ ముందు ఒకసారి మరిగే నూనె చేతి మీద పడి మోచేతిదాకా కాలింది. కట్టు మార్చాలంటే వీధి అదిరేలా ఏడ్చేది. జీవరాజుగారు ఆమె పక్కన కూర్చుని పిండి ఎంత మెత్తగా తడపాలి, తీగలు దండెం మీద ఎలా వెయ్యాలి అని అడుగుతూ పోతే, ఆమె కళ్లు మూసుకుని చెబుతూ పోయింది. కట్టు ఎప్పుడు మారిందో ఆమెకు తెలియలేదు. ఇప్పటికీ చెయ్యి చూపించి ఆ కథ చెబుతుంది.

ఆ రోజు ఆటో దిగుతున్న వాళ్ల ముఖాలు చూసి మాబూబీ వెనకే ఇంట్లోకి వచ్చేసింది. దేవకృపమ్మ జరిగింది చెప్పింది. మాబూబీ వింటూ వింటూ డాక్టరుగారి వైపు తిరిగింది.

"ఊరోళ్ల భయాలన్ని దించిన్రు. ఇంట్ల మనిషి దగ్గర నోరెందుకు లేస్తలేదు డాక్టర్ సాబ్?"

"ఆమెకు మాటిచ్చాను మాబూబీ."

"ఏం మాటనో ఏందో. టీచరమ్మా, గా మాట నువ్వే వాపస్ ఇచ్చెయ్. చెయ్యి పోయినంక మాట ఉంచుకుని ఏం జేస్తవ్?"

దేవకృపమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. చిటికెనవేలు లోపలికి వంగి ఉంది, చాపుదామంటే సాగడం లేదు. సరే చెయ్యండి అంది. ఆ రెండు మాటలు అనడానికి ఆమెకు నలభై ఏడేళ్లు పట్టింది.

మాబూబీ వెళ్లాక జీవరాజుగారు పరదా వేశారు. సోఫాలో భార్య పక్కనే కూర్చున్నారు. పని మానేసి చాలా కాలమైంది. బందరు సముద్రం గురించి చెప్పడం మొదలుపెట్టారు. కొత్తగా పెళ్లయినప్పుడు ఇద్దరూ వెళ్లారు, ఒక సాయంకాలమంతా ఒడ్డున కూర్చున్నారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, చల్లగాలి తగులుతోంది అని చెబుతూ పోయారు.

దేవకృపమ్మ నిజంగానే ప్రయత్నం చేసింది. కళ్లు గట్టిగా మూసుకుంది. అలలు రాలేదు గాని ఆ రోజు తెగిపోయిన చెప్పు గుర్తొచ్చింది. కుచ్చిళ్లలో చేరిన ఇసుక గుర్తొచ్చింది. ఎండ దిగకముందు కాలే ఇసుకలో ఒంటి చెప్పుతో కుంటుతూ నడుస్తుంటే, ఈయన ముందు నడుస్తూ బొంబాయి పాఠాలు చెప్పడం గుర్తొచ్చింది. కాసేపటికి కళ్లు తెరిచేసింది.

"ఏమండీ, ఆ సముద్రం మీది. నాకు ఇసుకంటేనే చిరాకు."

"బాగుందన్నావుగా అప్పుడు?"

"కొత్త పెళ్లికూతుర్ని, ఇంకేమంటాను?"

"తరవాతైనా చెప్పలేదే?"

"మీరెప్పుడైనా అడిగారా?"

జీవరాజుగారు లేచి పరదా తీసేశారు. ముక్కూ ముఖం తెలియని వాళ్లను కూడా అడగకుండా ఒక్క మాట మొదలుపెట్టని మనిషి, ఇంట్లో మనిషి సంగతి తనకు తెలుసు అనుకున్నారు. రాత్రి అన్నం దగ్గర కలిపిందే కలుపుతూ కూర్చున్నారు. ఆమెకు జాలి వేసి మామిడికాయ పప్పు ఇంకో గరిటె వడ్డించింది, ఎడమచేత్తో.

మర్నాడు పొద్దున టిఫిను అయ్యాక ఆయన ముందుగదిలో దుమ్ము దులుపుతున్న చప్పుడైంది. పిలిస్తే వెళ్లి చూసింది. రోగులు కూర్చునే కుర్చీ గోడ పక్కన వేసి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చున్నారు. కూర్చోమని చెయ్యి చూపించారు. ఆమె కూర్చుంది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

వేళాకోళమాడుతున్నారేమో అనుకుంది. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు అని పిలవడం అదే మొదటిసారి.

"టైపు నేర్పిస్తాను" అంది. ఇన్‌స్టిట్యూట్ మూతపడి ఇరవై ఏళ్లు దాటినా, నేర్పించేదాన్ని అనలేదు.

"ఆ గది ఎలా ఉంటుంది?"

అక్కడి నుంచి ఆమె చెప్పింది, ఆయన విన్నారు. చిలకలగూడలో కిరాణా కొట్టు పైన ఒక పొడుగాటి గది. ఒక్క కిటికీ, అది కూడా పక్కగోడకు తెరుచుకునేది. మిషన్లు ఎంత దగ్గరగా ఉండేవంటే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలేది. కొత్తగా చేరిన పిల్లలు ఆ మోతకు చెవులు మూసుకునేవారు. ఆమె మాత్రం వెనకవైపు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని నిలబడేది. ఎవరు కీబోర్డు చూసి కొడుతున్నారో, ఎవరి చిటికెనవేలు పని ఎగ్గొడుతోందో చప్పుడును బట్టి చెప్పేది. మొదటి మెట్టు లోయర్ పరీక్ష పిల్లల చప్పుడు మేకులు దిగ్గొట్టినట్టు ఉంటుంది, చెయ్యి తిరిగిన హయ్యర్ పిల్లలది వాన పడ్డట్టు. లైను చివర గంట మోగుతుంది, కాగితం ఉన్న క్యారేజీని వెనక్కి తోసిన చప్పుడు. ఆ మోతలో తలనొప్పి వచ్చేది కాదా అని ఆయన అడిగారు.

"ఆదివారం వచ్చేది. మోత లేక."

జీవరాజుగారు రోజూ సాయంత్రం స్కూటరు మీద అక్కడికి వెళ్లి ఆమెను తీసుకొచ్చేవారు. మెట్ల కింద నిలబడి హారన్ కొట్టేవారు. పైకి ఒక్కసారి కూడా ఎక్కి చూడలేదు. అది ఆమె అనలేదు. ఆయనే గుర్తుచేసుకుని చెప్పారు.

"గాలి లేదు, వెలుతురు లేదు, చెవులు చిల్లులుపడే మోత. మరి అందులో భయం వెయ్యలేదా?"

"క్లాసులో భయమేమిటండీ?" అంది దేవకృపమ్మ. అనగానే ఆ స్కాన్ యంత్రం మోత చెవుల్లో మళ్లీ వినిపించింది, ఈసారి ఇంకోలా.

గురువారం వరకూ రోజూ సాధన చేశారు. ఆమె బల్ల మీద వెల్లకిలా పడుకునేది. మాబూబీ స్టీలు బేసిను, అప్పడాల కర్ర తెచ్చుకుని ఆమె తల పక్కన వాయించేది. ఏం జరుగుతోందో చూద్దామని సందులో వాళ్లు కిటికీ దగ్గర చేరితే, "ఏం లేదు, టీచరమ్మకు జెర ఇలాజ్ అయితుంది, పోండ్రి" అని వైద్యం పేరు చెప్పి మాబూబీ తరిమేసేది. ఆ మోత మధ్య జీవరాజుగారు టైపు గదిలోకి దారి చెప్పేవారు. మెట్లు ఎక్కుతున్నారు, షట్టరు లేపారు, ఫ్యాను వేశారు. రెండో రోజుకే దేవకృపమ్మ ఊపిరి నెమ్మదించింది, బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. లేచాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న, నేనేం మాట్లాడాను అని.

"తప్పు కొట్టినవాళ్లను తిట్టావు" అన్నారాయన.

"గంతే. వేరే ఏం చెప్పలే. నేను సుత చెవులు పెట్టి విన్న" అంది మాబూబీ, కొంచెం నిరాశగానే.

గురువారం వచ్చింది. జీవరాజుగారిని స్కాన్ గదికి అడ్డంగా ఉన్న అద్దం ఇవతలే, వసుధ పక్కన కూర్చోబెట్టారు. లోపలి మనిషికి వినిపించే మైకు వసుధ ముందు ఉంది. మోత మొదలయ్యాక మాట వినిపించదు, చెప్పేదేదో ముందే చెప్పుకోమంది. ఆయన ఎక్కువ చెప్పలేదు.

"టీచరుగారూ, పిల్లలు వచ్చారు."

ముఖం మీద చట్రం బిగించారు. బల్ల లోపలికి జరిగింది. దేవకృపమ్మ ఎడమ బొటనవేలు రబ్బరు బుడ్డి మీదే ఉంది. మోత మొదలైంది. ముందు బరువుగా, ఒక్కొక్కటిగా. లోయర్ పిల్లలు, ఈ మధ్యే చేరినవాళ్లు. ఆమె గోడకు ఆనుకుంది. మూడో మిషను దగ్గర ఎవరో అక్షరాన్ని వెతుక్కుంటున్నారు. తరవాత వేగం పెరిగింది. బాగుంది, వేళ్లు కుదిరాయి.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

ఇది సాధనలో లేదు. మాబూబీ ఎప్పుడూ ఆపకుండా వాయించింది. యంత్రం ఒక వరస బొమ్మలు తీశాక కాసేపు ఆగుతుందని సాధన చేసిన ముగ్గురికీ తెలియదు. ముందు రెండుసార్లూ ఆమె అంతదాకా ఉండనే లేదు. ఆ నిశ్శబ్దంలో టైపు గది పోయింది. ముక్కు మీద చట్రం ఉంది, దాని మీద యంత్రం కప్పు ఉంది, తన ఊపిరే తనకు వేడిగా తగులుతోంది. బొటనవేలు బుడ్డిని నొక్కబోయింది.

అద్దం ఇవతల ఆ బొటనవేలు కదలడం ఇద్దరూ చూశారట. వసుధ మైకు జీవరాజుగారి వైపు జరిపి, మాట్లాడండి అంకుల్ అంది. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, తల అడ్డంగా ఊపారు. లోపల ఆమె ఏ మెట్టు మీద ఉందో ఆయనకు తెలియదు. తన గొంతు వినిపిస్తే పూర్తిగా ఇవతలికి వచ్చేస్తుందేమోనని భయపడ్డారు. ఇది వసుధే తరవాత చెప్పింది.

దేవకృపమ్మకు అవేవీ తెలియవు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూసింది, ఎవరూ ఏమీ అనలేదు. క్లాసులో మోత ఎప్పుడు ఆగుతుంది అని తనను తానే అడిగింది. కరెంటు పోతే ఆగదు, ఆ మిషన్లకు కరెంటుతో పని లేదు. పేజీ అయిపోయినప్పుడే ఆగుతుంది. అందరూ కాగితం తీసి కొత్తది ఎక్కిస్తున్నారు. కొత్త కాగితం తిన్నగా ఎక్కించడానికి కొందరికి టైమ్ పడుతుంది, తొందరపెడితే వంకరపోతుంది. ఆమె ఆగింది. బొటనవేలు బుడ్డి మీద నుంచి పక్కకు జరిగింది.

మోత మళ్లీ మొదలైంది. ఈసారి హయ్యర్ బ్యాచి.

అయిపోయింది ఆంటీ అని వసుధ చట్రం తీస్తుంటే, కళ్లు తెరవకుండానే, "ఉండమ్మా, కాగితాలు తియ్యనీ" అంది దేవకృపమ్మ.

బొమ్మ స్పష్టంగా వచ్చింది. మెడలో రెండు ఎముకల మధ్య అరిగిన డిస్కు నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ అయింది, మత్తు నుంచి కొంచెం ఆలస్యంగానే అయినా మామూలుగానే లేచింది. పట్టు నెమ్మదిగా వస్తోంది. టీ గ్లాసు ఇప్పుడు జారదు, హుక్కులు తనే పెట్టుకుంటోంది. వ్యాయామానికి రబ్బరు బంతి ఇస్తే అది అలమారలో పడేసి, పొద్దున్నే భోజనాల బల్ల అంచు మీద టైపు కొడుతున్నట్టు వేళ్లు ఆడిస్తూ కూర్చుంటోంది. చిటికెనవేలు మాత్రం ఇంకా బద్ధకిస్తోంది.

మొన్నొక రోజు ముందుగదిలో పేపరు చదువుకుంటున్న జీవరాజుగారు అక్కడి నుంచే కేకేశారు.

"కృపా, కుడి చివరది పడటం లేదు."

ఆమె చెయ్యి ఆపింది. పేపరు తిప్పిన చప్పుడైతే వినిపించలేదు. ఎప్పటి నుంచి వింటున్నారో మరి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది, ఈసారి చిటికెనవేలును కొంచెం గట్టిగా వేస్తూ.